ఇనుము పలుకు సాక్ష్యము

1876 మార్చి 28వ తేదీన జపాను ప్రభుత్వము ఒక శాసనము వెలువరించినది. సైనికోద్యోగులు, పోలీసులు, ఉత్సవ వేషమున నుండు అధికారులు తప్ప మరెవ్వరును బహిరంగముగా కత్తి ధరింపరాదని దాని తాత్పర్యము. సమురాయి వర్గమునకు తరతరములుగా చిహ్నమై యుండిన జంటకత్తులు ఆనాటితో నడుమునుండి దిగిపోయినవి. ఆ యోధుల దుఃఖమును గూర్చి చరిత్రకారులు విరివిగనే వ్రాసిరి. కాని ఆ శాసనముతో జీవనాధారము కోల్పోయినవారు మరికొందరు కలరు. పిడికి పట్టుదారము చుట్టువారు, ఒరకు లక్క పూయువారు, పిడికిని అలుగునకు నడుమ నుండు లోహపు బిళ్ళను తీర్చువారు, వీరందరి చేతిపనియు ఒక్కసారిగా అక్కరకు రానిదైపోయినది. ఆ బిళ్ళను జపానీయులు 'త్సుబ' అందురు.

కొందరు నేర్పరులు క్రొత్త దారులు వెదకికొనిరి. కత్తి అలంకారములు చెక్కుటలో ఆ కాలమున అగ్రగణ్యుడైన కానో నత్సువో (1828-1898) నూతన ప్రభుత్వపు టంకసాలకు నాణెముల నమూనాలు చెక్కెను. పిమ్మట తోక్యో లలితకళాశాలలో ఆచార్యుడాయెను. అందరికిని అట్టి అదృష్టము పట్టలేదు. పని లేని శిల్పుల చేతులు ఊరకుండగా, వారి పూర్వులు చేసిన బిళ్ళలు కత్తులనుండి ఊడదీయబడి ఓడలకెక్కినవి. విదేశీయులు వాటిని చేటలతో కొనిరనుట అతిశయోక్తి కాదు. హాంబర్గు, బోస్టను, న్యూయార్కు, ఆక్స్‌ఫర్డు నగరముల మ్యూజియములలో నేడు సొరుగులకు సొరుగులు నిండియున్న త్సుబలలో పెక్కు ఆ దశాబ్దములలో సముద్రము దాటినవే. హాంబర్గు మ్యూజియములో పనిచేసిన హరా షిన్‌కిచి 1902లో ఈ శిల్పుల పేర్లను క్రోడీకరించి ఒక గ్రంథము వెలువరించెను. బోస్టను మ్యూజియము వారి సహకారముతో ఒకాబె కకుయా అను జపాను పండితుడు అక్కడి బిళ్ళలకు 1908లో వివరణ గ్రంథము రచించెను. జపానులోనైతే ఈ విద్య అంతకు చాల ముందే మొదలైనది. ఒసాకా నగరమున ఇనాబా త్సూర్యూ అనునతడు 1781లోనే కత్తి అలంకారములను గూర్చిన గ్రంథమొకటి ప్రకటించియుండెను.

ఇంత విరివిగా సేకరింపబడి, ఇంత శ్రద్ధగా పరిశోధింపబడిన వస్తువు విషయమున నేటికిని ఒక దురలవాటు వదలలేదు. త్సుబ చేతికి రాగానే సేకర్త అడుగు మొదటి ప్రశ్న "ఇది ఎవరిది?" అనునది. వెనుదిరిగి సంతకము వెదకును, సంతకము దొరకిన సంతోషించును, దొరకకున్న నిరుత్సాహపడును. ఈ వరుస తలక్రిందులైనది. శిల్పి పేరు చివర తేలవలసినది; అది తేలకపోయినను లోపము లేదు. ఈ సంగతి కత్తిబిళ్ళలు సేకరించు కొలదిమందికే గాక, పాతవస్తువు నుండి గాని, పాత వ్రాత నుండి గాని సత్యము రాబట్టగోరు ప్రతి విద్యార్థికిని పనికివచ్చును.

ముందుగా వస్తువెట్టిదో తెలియవలెను. త్సుబ సాధారణముగా అరచేతిలో ఇముడునంతటి బిళ్ళ. పొడవు కత్తికి తగినది ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుండును. పొట్టికత్తిది అంతకు చిన్నది. మందము మూడు మొదలు ఆరు మిల్లీమీటర్లు. కొన్ని గుండ్రన, కొన్ని నలుచదరము, కొన్ని నాలుగు రేకుల పూవువలె అంచు లోపలికి వంపు తిరిగినవి. పోటు పొడిచినపుడు చేయి జారి అలుగు మీదికి పోకుండ ఆపుట, ఎదిరి కత్తి వ్రేళ్ళను తాకకుండ చూచుట, కత్తి బరువు చేతికి సమముగా తూగునట్లు చేయుట దీని ప్రయోజనములు. ఇద్దరు యోధులు బిళ్ళకు బిళ్ళ ఆనించి పెనగులాడుటను జపాను భాషలో 'త్సుబజెరియై' అందురు. కత్తులు పోయినను ఆ మాట నిలిచినది. ఎన్నికలలోను ఆటలలోను హోరాహోరీ పోటీకి నేటికిని వార్తాపత్రికలు ఆ మాటనే వాడుచున్నవి.

బిళ్ళ నడుమ ముక్కోణము వలె సన్నగిల్లిన రంధ్రమొకటి యుండును. అలుగు తోక దానిగుండ పోయి పిడిలో దిగును. ఆ రంధ్రము చుట్టును కోడిగ్రుడ్డు ఆకారమున కొంత చోటు నగిషీ లేక చదునుగా విడువబడును. కత్తి కూర్చునపుడు దానికి ఇరువైపుల రాగి పలకలు ఆని యుండును. ఆ చోటునకు ప్రక్కన ఒకటి గాని రెండు గాని చిన్న ద్వారములుండవచ్చును. అర్ధచంద్రాకారముగ నున్నది ఒరలో అమర్చు చిన్నచాకు పిడికొరకు. మూడురేకుల ఆకువలె నున్నది జుట్టు సవరించుకొను పుల్లకొరకు. శిల్పి తన పేరు చెక్కునది ఆ చదును చోటనే. అనగా కత్తి కూర్చిన పిమ్మట రాగిపలక ఆ పేరును కప్పివేయును. కత్తి ధరించి తిరుగువాని నడుమున ఉన్నన్నాళ్ళు ఎవరికిని కనబడని పేరది. నేటి సేకర్త దేనికొరకు ముందుగా వెదకునో దానిని ఆనాటి సమాజము రాగిరేకు క్రింద దాచియుంచినది. ఈ ఒక్క సంగతి గమనించినను సంతకమునకు ఎంత విలువ నీయవలెనో కొంత బోధపడును.

పేరు తగిలించుట ఎంత సులభమో తెలుగు పాఠకునికి వేరుగ చెప్పనక్కరలేదు. వేమన మకుటము చివర చేర్చినంతనే ఆటవెలది వేమనది కాజాలదు. ఆ మకుటముతో తరువాతివారు అల్లిన పద్యములెన్నియో ప్రచారములోనికి వచ్చినవి. కర్త తెలియని రసవంతమైన చాటువు దొరకినపుడెల్ల దానిని శ్రీనాథునికి అంటగట్టుటయు లోకమున నున్నదే. పద్యము నిజముగా ఎవరిదో తేల్చుటకు పండితుడు మకుటమును ప్రక్కన బెట్టి భాషను, ఛందస్సును, భావమును, వ్రాతప్రతుల వయస్సును చూచును. కత్తిబిళ్ళల పరీక్షకుడు చేయవలసినదియు అదియే.

సోతెన్ అను పేరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. పదునెనిమిదవ శతాబ్దమున ఓమి సీమలోని హికొనె పట్టణమున ఈ పేరుగల శిల్పులు ఇనుప బిళ్ళలపై చీనా ఋషులను, యుద్ధవీరులను, చెట్లను, కొండలను క్రిక్కిరిసినట్లు చెక్కి, ముఖములకు, వస్త్రములకు బంగారు వెండి పొదిగిరి. ఆ తీరు జనులకు నచ్చినది. నచ్చినంతనే అనేక ప్రాంతముల పనివారు అదే తీరున చెక్కి అదే పేరు వ్రాసిరి. నేడు సోతెన్ సంతకముతో దొరకు బిళ్ళలలో అత్యధికభాగము అనుకరణములే యని ఈ విద్యలోని పెద్దలందరును అంగీకరింతురు. అనగా ఆ సంతకము బిళ్ళ ఏ తీరున చేయబడినదో తెలుపునే గాని ఎవరు చేసినదో తెలుపదు.

నొబుయియె కథ మరింత ఆలోచింపదగినది. పదునారవ శతాబ్దపు చివరిభాగమున ఒవారి సీమలో పనిచేసిన ఈ ఇనుపశిల్పిని జపానీయులు త్సుబ శిల్పులలో మహనీయునిగా ఎన్నుదురు. పూర్వపు వంశావళులు వ్రాసినవారు ఇతనిని కవచములు చేయు మ్యోచిన్ వంశమునకు చెందిన అదే పేరుగల వేరొకనితో కలిపివేసిరి. పేరొకటి కనుక మనిషి ఒకడేయని వారి తర్కము. తరువాతి పరిశోధకులు ఇనుపముద్దలనే ప్రక్కప్రక్కన పెట్టి చూచి ఆ అభిప్రాయమును త్రోసివేసిరి. అంతటితో చిక్కు తీరలేదు. నొబుయియె సంతకములలో లావు గీతలతో చెక్కినవి ఒక తెగ, అక్షరములు ఎడముగా సన్నగా చెక్కినవి మరొక తెగ కలవు. వీనిని బట్టి ఒకే పేరుతో ఒకరికంటె ఎక్కువమంది పనిచేసిరని పలువురి మతము. వీరిగాక దొంగ సంతకములు వేరు. ఫుషిమి పట్టణమున నివసించి, ఇనుపబిళ్ళపై చిత్రపటమువంటి ప్రకృతిదృశ్యములు తొలుత రచించినవానిగా కీర్తి గన్న కనెయియె సంగతియు ఇట్టిదే. గొప్పపేరు ఎక్కడ నుండునో నకిలీ అక్కడ మూగును.

మోసము చేయు తలంపు లేనిచోట సైతము పేరు దారి తప్పించును. గోతో వంశము ఇందుకు నిదర్శనము. గోతో యూజో (1440-1512) మొదలు పదునేడు తరముల వరకు ఈ వంశము వారు ప్రభువుల ఆస్థానశిల్పులై, కత్తి అలంకారములలో ఒక సంప్రదాయమును నిలిపిరి. తొలితరముల వారు తమ పనిపై పేరు చెక్కలేదు. పిమ్మటి తరముల కుటుంబపెద్దలు పేరులేని పాత వస్తువులను పరీక్షించి, "ఇది మా పూర్వుడు ఫలానావాని పని" యని వాటిపై చెక్కి, క్రింద తమ పేరు చేర్చిరి. కాగితముపై నిర్ణయపత్రములును ఇచ్చిరి. వారి జ్ఞానము గొప్పదే. కాని వంశగౌరవము, కొనువారి కోరిక, ప్రభువులు కానుకగా నిచ్చిపుచ్చుకొను వస్తువులకు వలసిన పత్రము, ఇవన్నియు ఆ నిర్ణయముల వెనుక నుండినవి. అది ఒక నిపుణుని అభిప్రాయము. శిల్పి సంతకము కాదు. రెండింటిని ఒకటిగా చదువుట తగదు.

ప్రసిద్ధ ఖడ్గవీరుడు మియమోతో ముసాషి పేరును ఇట్లే వినబడును. అతడు 1640లో కుమమోతో చేరి 1645లో మరణించెను. సముద్రదోసకాయవంటి రెండు పెద్దద్వారములు గల ఒక బిళ్ళ నమూనాను అతడు కల్పించెనని ప్రతీతి. హిగో సీమ శిల్పులు ఆ నమూనాను తరతరములుగా చేసిరి. ఆ ఆకారము గల బిళ్ళ కనబడగానే వీరుని చేతిని తలచుకొని పులకించుట సహజము. కాని నమూనా వేరు, చేతిపని వేరు. ఒక ఆకారమును ఎవరైనను చేయవచ్చును.

ఇక పాత ఇనుపబిళ్ళలలో పెక్కింటికి సంతకమే లేదు. వాటిని 'పాత కత్తికమ్మరులవి', 'పాత కవచకారులవి' యని రెండు పెద్దతెగలుగా విభజించుట ఆచారమైనది. వినుటకు ఈ పేర్లు చారిత్రక సత్యములవలె తోచును. నిజమునకు ఇవి తరువాతివారు సౌకర్యముకొరకు పెట్టుకొన్న పేర్లు. కత్తిని కొట్టిన కమ్మరియే ఆ బిళ్ళను కొట్టెననుటకు బిళ్ళపై ఎట్టి వ్రాతయు లేదు. పలుచని సాదా ఇనుపరేకు, చిన్న బెజ్జపు నగిషీ, చదునైన అంచు గలవానిని ఒక గుంపుగను, సుత్తెతో అంచు పైకి మడచినవానిని మరొక గుంపుగను చేర్చిరి. గుంపు చేర్చుట తప్పు గాదు. అది శాస్త్రమునకు మొదటి మెట్టు. గుంపునకు పెట్టిన పేరునే ఋజువుగా చూపుట తప్పు.

అట్లైన త్సుబను ఎట్లు చదువవలెను? సంతకమును వ్రేలితో కప్పి మొదలిడవలెను. మొదట చూడవలసినది నడుమ రంధ్రము. బిళ్ళ నిజముగా కత్తిపై నుండినదైన అలుగు తోక ఒరిపిడి దానిలో కనబడును. వేరొక కత్తికి అమర్చినపుడు వదులు పోవుటకై రంధ్రపు కొసలలో మెత్తని రాగిముక్కలు దూర్చుట వాడుక. అట్టి ముక్కలు, రంధ్రము చుట్టును ఉలితో కొట్టిన నొక్కులు, ఆకురాయితో పెద్దది చేసిన గుర్తులు, ఇవన్నియు బిళ్ళ ఎన్ని చేతులు మారెనో తెలుపగలవు. రంధ్రము పుట్టినది పుట్టినట్లే నిగనిగలాడుచు, చుట్టు పలక ఆనిన జాడ లేకున్నచో అది ఏనాడును కత్తి నెక్కలేదని ఊహింపవచ్చును. యాత్రికులకు అమ్ముటకై రేవుపట్టణములలో చేయించిన వస్తువులు ఈ తరగతిలోనివి.

పిమ్మట ప్రక్కద్వారములు. అవి నగిషీతో కలిసి మొదటినుండి యున్నవా, లేక పూర్తియైన బొమ్మను నరికి తరువాత తొలచినవా? ఒక పూవు సగము తెగి ద్వారపు అంచున నిలిచిన, ఆ ద్వారము క్రొత్త యజమాని అవసరము. కొన్నిచోట్ల ఉన్న ద్వారమును సీసముతోగాని, నల్లని మిశ్రలోహముతోగాని పూడ్చి యుందురు. ఇట్టి మార్పులను లోపములుగా నెంచి ముఖము త్రిప్పుకొను సేకర్తలు కలరు. చరిత్ర విద్యార్థికి అవియే అమూల్యములు. తాళపత్ర గ్రంథపు అంచున చదివినవాడు వ్రాసికొన్న గుర్తువంటివి అవి.

మూడవది అంచు. ఒవారి సీమ బిళ్ళల అంచును, ముఖ్యముగా కనయమ యను తెగవాని అంచును తడవి చూచిన, అక్కడక్కడ గట్టి కణుపులు, గీరలు పొడచూపును. జపానీయులు వీనిని 'ఇనుప ఎముకలు' అందురు. ఇనుమును మడచి కొట్టునపుడు కర్బనము హెచ్చుగా నున్న గట్టిభాగములు ఇట్లు పైకి తేలునని వివరింతురు. క్యోతో నగరపు తొలుపుడు బిళ్ళలలో ఇనుము సమముగా, గీతలు సన్నగా, సొగసుగా నుండును. ఒవారి వానిలో గీత బలిష్ఠము, కూర్పు ఇరువైపుల సరితూగును. అంచు గుండ్రనా, చదరమా, నడుమకంటె పలుచనా, మందమా యనునది కొలిచి వ్రాసికొనవలసిన విషయము.

నాలుగవది బిళ్ళ ముఖము. సుత్తెదెబ్బలను విడిచిపెట్టిరా, రుద్ది నునుపు చేసిరా, నిప్పులో కాల్చి పైపొరను కరగినట్లు చేసిరా? హిగో సీమను 1632లో హొసొకావ వంశము పొందిన పిమ్మట అక్కడ వర్ధిల్లిన నాలుగు శిల్పికుటుంబములలో, హయషి మతషిచి ఇనుము నునుపునకును, నల్లని కాంతికిని పేరు గన్నది; ష్మిజు జింగో చేసిన డేగలు మోటుగా, బలముగా ఉండును. ప్రభువైన హొసొకావ సన్‌సై తేనీటి విధి నెరిగిన రసికుడు. అతని అభిరుచి ఈ శిల్పులపై పడినదని చెప్పుదురు. ఇట్టి భేదములు మాటలతో చెప్పినంతమాత్రమున తెలియవు. పది బిళ్ళలను ప్రక్కప్రక్కన బెట్టి పలుమార్లు చూచినవాని కంటికే పట్టుబడును.

ఐదవది తొలిచిన చోట్ల లోపలిగోడలు. రంపముతో కోసి ఆకురాయితో రుద్దిన గోడలో పనిముట్టు జాడ, పదునైన మూల కనబడును. మూసలో పోతపోసిన నకిలీలో మూలలు మెత్తబడి, గోడపై ఇసుకగుంటలు, ఒక్కొక్కప్పుడు మూస రెండుభాగములు కలిసిన సన్నని గీటు మిగులును. వ్రేలాడగట్టి కొట్టిన గంటవలె మ్రోగునదే నిజమైనదని కొందరందురు. మ్రోత బిళ్ళ మందమును, తొలుపును బట్టి మారును గనుక దాని నొక్కదానినే నమ్మరాదు. దూరమునుండి ఛాయాచిత్రము చూచి కొను నేటి అలవాటులో ఈ గోడలు, ఈ అంచులే కంటికి అందవు; చిత్రమున చక్కగా కనబడునది సంతకమొక్కటియే. నకిలీ చేయువానికి ఈ సంగతి బాగుగా తెలియును.

బొమ్మ యర్థము అన్నిటికంటె త్వరగా తెలియునది. తూనీగ వెనుకకు మరలని పురుగు గనుక యోధునకు జయచిహ్నము. అడవిబాతుల బారు శరదృతువునకు గుర్తు. ఇవి నేర్చుకొనుట ఆనందదాయకము, ఆవశ్యకము. అయినను బొమ్మ తెలిసినంతనే శిల్పి తెలిసినట్లు భావింపరాదు. తూనీగ అందరిదియు.

ఈ పరీక్షకంతకును ఆధారము బిళ్ళ పైపొర. దానిని పాడుచేసినవాడు సాక్షి నాలుక కోసినవాడగును. పాత ఇనుముపై నిలిచియున్న నల్లని లేక చాకలేటు వన్నె పొర తుప్పే. కాని శతాబ్దముల చేతిస్పర్శతో గట్టిపడిన తుప్పు. పొడిరాలు ఎఱ్ఱని క్రొత్తతుప్పును మాత్రమే దుప్పికొమ్ముతోగాని, ఎముకముక్కతోగాని మెల్లగా గీకి, బట్టతో రుద్దుట జపాను సంప్రదాయము. ఆమ్లములు, ఇనుపతీగల కుంచెలు దాని దరికి చేరరాదు. రాగి మిశ్రమములలో ఈ జాగ్రత్త ఇంకను ముఖ్యము. 'షకుదో' యనునది రాగిలో నూటికి మూడు మొదలు అయిదు పాళ్ళ బంగారము కలిపిన లోహము. 'షిబుయిచి' యనగా నాలుగవ వంతు; రాగిలో వెండి కలిపినది. మొదటిదానికి కాకిరెక్కవంటి నీలినలుపును, రెండవదానికి బూడిద వన్నెను వచ్చుట లోహగుణము మాత్రమే కాదు. ముల్లంగి తురుములో ముంచి, చిలుముతో కాచిన ద్రావకములో ఉడికించి, శిల్పి ఆ రంగును పైకి తెప్పించును. ఆ పొర తలవెంట్రుకకంటె పలుచన. పండుగనాడు ఇత్తడిబిందెను తోమినట్లు చింతపండుతో ఆ బిళ్ళను తోమిన ఒక్క పూటలో శిల్పి ఉద్దేశించిన నలుపు పోయి ఎఱ్ఱరాగి బయటపడును. తళతళలాడుచున్నదని సంతోషించువాడు తాను పోగొట్టినదేమో ఎన్నటికిని తెలిసికొనలేడు.

ఇంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. త్సుబ ఒంటరి వస్తువు కాదు. అలుగు, ఒర, పిడి, దారము, చిన్న చాకు, పుల్ల అన్నియు ఒక కాలమున ఒక యజమాని అభిరుచిని బట్టి కూర్చినవి. ఆ కూర్పు చెడకున్నచో బిళ్ళ ఏ కాలమున వాడబడెనో, ఎట్టివానికి తగినదో చెప్పుటకు ఆధారము లభించును. పందొమ్మిదవ శతాబ్దపు అమ్మకములలో వేలకొలది కూర్పులు విడిపోయినవి. దానికి ఆనాటి బీదరికము కొంత సమాధానము. కాని చెడక నిలిచిన కూర్పులను నేటికిని ముక్కలుచేసి, ముక్కకొక వెల కట్టి అమ్ము వ్యాపారులున్నారు. జపానులో కత్తికి 1958 నాటి చట్టమును అనుసరించి నమోదు కావలెను. విడిబిళ్ళ ఆయుధము కాదు గనుక సులభముగా చేతులు మారును. ఈ సులువే కూర్పుల పాలిటికి శాపమైనది. అట్లు విడదీసినదని తెలిసిన బిళ్ళను కొనకుండుట సేకర్తకు ధర్మము. కొనువాడు లేనిదే విడదీయువాడుండడు.

దీనిపై ఒక ఆక్షేపణ రాగలదు. పేరు లేనిదే ఆసక్తి లేదు. పేరు కొరకైన వేటయే ఇన్ని గ్రంథములను, ఇన్ని మ్యూజియములను పుట్టించినది. నిపుణుల సంఘములు నిర్ణయపత్రములు ఇచ్చుచుండగా సామాన్యునికి సందేహమేల? యని అడుగవచ్చును. ఇందు కొంత నిజము లేకపోలేదు. యసుచిక పనిలోని నవ్వు, సోమిన్ ఉలిలోని వేగము ఒక వ్యక్తివే. వ్యక్తిని గుర్తించుట కళాచరిత్రకు అవసరమే. 1948లో ఏర్పడిన జపాను కళాఖడ్గ సంరక్షణ సంఘము పలువురు పరీక్షకులచే వస్తువులను చూపించి తరగతులవారీగా పత్రములిచ్చుట మెచ్చదగిన పని. అయితే ఆ పత్రములను శ్రద్ధగా చదివినవారికి ఒక విశేషము కనబడును. నిశ్చయము చాలనిచోట పేరునకు ముందు 'దెన్' అను అక్షరము చేర్చుట వారి మర్యాద. "సంప్రదాయము ననుసరించి" యని దాని భావము. అనేక సందర్భములలో వ్యక్తి పేరు చెప్పక సీమ పేరు, తెగ పేరు చెప్పి ఊరకుందురు. నిపుణుడు సందేహమును అక్షరములలో పెట్టుచుండగా, కొన్నవాడు ఆ అక్షరమును మింగి పేరునే చాటుచున్నాడు. దోషము పత్రమునది కాదు, చదువువానిది.

తెలియనిదానిని "తెలియదు" అని వ్రాయుట అవమానమని తలచువారు విద్యాలోకమున పెక్కుమంది. ప్రశ్నకు జవాబు రాకున్న ఏదో ఒక పేరు వ్రాసి మార్కు సంపాదింప జూచు విద్యార్థి పెరిగి పెద్దవాడై సేకర్త యగును. సొరుగులోని బిళ్ళకు మహాశిల్పి పేరు తగిలించిన చీటీ ఆ బిళ్ళను గూర్చిన విచారణను అంతటితో ముగించివేయును. "ఇనుము, తొలుపుడు పని, శిల్పి తెలియదు, బహుశా ఒవారి" అను చీటీ తరువాత వచ్చువానికి తలుపు తెరచియుంచును. తప్పుపేరు ఒక గ్రంథమునుండి మరొక గ్రంథమునకు ప్రాకి, మ్యోచిన్ నొబుయియె వలె, తరములపాటు పండితులను త్రిప్పును.

ఉపాధ్యాయునకు ఇట్టి విద్య బోధించుటకు జపాను పోనక్కరలేదు, త్సుబ కొననక్కరలేదు. పాత నాణెము, నానమ్మనాటి ఆకువక్కల పెట్టె, అటుకపై పడియున్న కంచుచెంబు, తాళపు కప్ప, ఏదైనను చాలును. విద్యార్థిచే ముందుగా కొలతలు వేయింపవలెను, బరువు తూయింపవలెను, లోహమేదో, కొట్టినదో పోతపోసినదో, అతుకు ఎక్కడ నున్నదో, అరుగుదల ఎక్కడ నున్నదో వ్రాయింపవలెను, బొమ్మ గీయింపవలెను. దానిపై పేరో, సంవత్సరమో చెక్కియున్నచో అది చివర వ్రాయింపవలెను. అది ముందు వ్రాసినదానితో సరిపడుచున్నదా యని అడుగవలెను. సరిపడకున్న ఏది నమ్మవలెనో తరగతిలో వాదింపనీయవలెను. తనకు తెలిసినదేదో, ఊహ ఏదో, తెలియనిదేదో మూడు వరుసలుగా వేరుచేసి వ్రాసిన బాలునకు మొదటి మార్కు ఈయవలెను. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో జపాను వస్తువులు చూడబోవు తరగతికిని ఇదే పద్ధతి చెల్లును. అద్దపుపెట్టె ముందు నిలిచిన విద్యార్థి చీటీ చదువకముందు వస్తువును ఐదు నిమిషములు చూచుట నేర్చిన ఆ ప్రయాణపు ఖర్చు వృథా కాదు.

పేరు చెక్కని ఇనుపబిళ్ళలు వేలకొలది నేటికిని నిలిచియున్నవి. వాటిని కొట్టిన కమ్మరుల పేర్లు ఇక దొరకునను ఆశ తక్కువ. కాని వారి సుత్తెదెబ్బ, ఆకురాయి జాడ, తమ తరువాత ఎవడో మరొక కత్తికి అమర్చుకొనుటకై దూర్చిన రాగిముక్క ఇంకను ఇనుములోనే యున్నవి. ఓపికతో చూచువానికి అవి చెప్పవలసినది చెప్పుచునే యున్నవి. వారిపై ఏదో ఒక గొప్పపేరు రుద్దుట గౌరవము కాదు. వారు చేసిన పనిని చేసినట్లు గుర్తించుటయే వారికి జరుగవలసిన న్యాయము.